యురేనియం గనిలో మంచి పర్యావరణ నిర్వహణ అంటే ఆచరణలో ఏముండాలి?

ప్రశ్న: పాపాఘ్ని

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా పులివెందుల ప్రాంతం. తుమ్మలపల్లె యురేనియం గని, దాని శుద్ధి కర్మాగారం (మిల్లు) 2012లో పని మొదలుపెట్టినప్పటి నుంచి మా వైపు నలుగురు కూర్చున్న చోట ఆ ప్రస్తావన రాకుండా ఉండదు. గని కావాలా వద్దా అనే చర్చను ఇక్కడ తిరగదోడడం నా ఉద్దేశం కాదు. దానికి వేరే వేదికలున్నాయి. నాకు కావలసింది అంతకంటే చిన్న విషయం.

యురేనియం గనుల గురించి ఏ దేశపు నివేదిక తిరగేసినా "అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా ఉత్తమ పర్యావరణ పద్ధతులు పాటించబడుతున్నాయి" అనే ధోరణిలో ఒక వాక్యం తప్పకుండా కనబడుతుంది. ఆ వాక్యం నిజం కావాలంటే గని దగ్గర, మిల్లు దగ్గర, వ్యర్థ బురదను నిలవ ఉంచే టెయిలింగ్ పాండ్ దగ్గర ఏయే పనులు జరుగుతూ ఉండాలి? ఖనిజం రకాన్ని బట్టి ఆ పనులు మారతాయా? ప్రహరీ లోపలికి అడుగుపెట్టే అవకాశం లేని చీనీ తోట రైతుగానీ, ఊళ్లో డిగ్రీ చదువుకున్న కుర్రవాడుగానీ వాటిలో వేటిని తమంతట తాము పరిశీలించుకోగలరు? ఈ రంగంలో పనిచేసినవారు విడమరచి చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: ఖనిజ రసాయనం

ఖనిజ శుద్ధిలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. మీ మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందుగా పరిమాణాల సంగతి. తుమ్మలపల్లె ఖనిజం డోలమైటు కలిసిన సున్నపురాయిలో ఉంటుంది. అందులో యురేనియం ఆక్సైడు సుమారు 0.04 శాతం. అంటే టన్ను రాయిని తవ్వి, మెత్తగా పిండి చేసి, ఉడికిస్తే దక్కేది నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూ. మిగిలిన రాయి దాదాపు మొత్తం బురద రూపంలో టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. రోజుకు 3,000 టన్నుల సామర్థ్యంతో కట్టిన మిల్లు ఏడాదికి 300 రోజులు నడిచిందనుకుంటే తొమ్మిది లక్షల టన్నుల పిండిరాయికి చోటు చూపించాలి. అందుకే పర్యావరణం వైపు నుంచి చూసేవారికి యురేనియం గనిలో చూడవలసినది మొదట సొరంగం కాదు, పాండ్.

యురేనియాన్ని తీసేశాక మిగిలిన పిండి నిరపాయకరమని చాలామంది అనుకుంటారు. అసలు ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ పిండిలోనే ఉండిపోతుంది. ఎందుకంటే యురేనియం క్షీణించగా పుట్టిన థోరియం-230, రేడియం-226 వంటివి యురేనియంతో పాటు బయటికి రావు. థోరియం-230 అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, సుమారు 75,000 సంవత్సరాలు. అది ఉన్నంతకాలం రేడియం పుడుతూనే ఉంటుంది, రేడియం నుంచి రేడాన్ వాయువు వెలువడుతూనే ఉంటుంది. గని ఆయుష్షు ముప్పయ్యో నలభయ్యో ఏళ్లు. ఈ రెండు కాలాల మధ్య ఉన్న అంతరమే ఈ రంగంలోని కష్టమంతా.

ఇక ఖనిజం రకం. జార్ఖండ్‌లోని జాదుగూడలో గంధకామ్లంతో యురేనియాన్ని కరిగిస్తారు. తరువాత వ్యర్థాలకు సున్నం కలిపి ఆమ్లాన్ని విరిచేస్తే మిగిలిన యురేనియం, భారలోహాలు చాలావరకు ఘనరూపంలో కిందికి దిగుతాయి. మీ దగ్గరి రాయి స్వయంగా కార్బొనేటు కనుక ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది. అందువల్ల అధిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంతో కరిగించే క్షార పద్ధతిని ఎంచుకున్నారు. రసాయనపరంగా అది సరైన ఎంపికే. అయితే దాని వెంట వచ్చే చిక్కు వేరు: కార్బొనేటుతో జట్టు కట్టిన యురేనియం క్షార జలంలో హాయిగా కరిగే ఉంటుంది, బంకమట్టికి కూడా అంతగా అంటుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. దానికి తోడు సోడియం లవణాలు నేలలోకి దిగితే ఆ నేల చౌడు బారుతుంది, మట్టి గట్టిపడి నీరు ఇంకడం మానేస్తుంది. కాబట్టి ఆమ్ల పద్ధతి గనులకు రాసిన జాగ్రత్తలను యథాతథంగా ఇక్కడికి తెచ్చి "సున్నం కలిపాం, సరిపోయింది" అనడానికి వీల్లేదు. పిండిని బాగా కడిగి ద్రావణాన్ని మళ్లీ మిల్లుకే తిప్పుకోవడం, పాండ్‌కు వెళ్లే ద్రవాన్ని వీలైనంత తగ్గించడం, పాండ్ అడుగు నుంచి ఊట దిగకుండా చూడడం, ఈ మూడింటి మీదనే ఎక్కువ శ్రద్ధ ఉండాలి.

పాండ్ అడుగు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కాగితం మీద "లైనింగ్ (అడుగున పరిచే అడ్డుపొర) ఉంది" అన్న రెండు మాటల వెనక చాలా తేడాలుంటాయి. మంచి కట్టడంలో ముందు బంకమట్టిని తగిన తేమతో పొరలు పొరలుగా రోలరుతో అదిమి, దాని మీద మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరుస్తారు. రెండు షీట్లు పరిచేచోట మధ్యలో ఇసుకో, జాలీ పొరో ఉంచి, పై షీటు కారితే ఆ నీరు ఒక గుంటలోకి వచ్చి కనబడేలా ఏర్పాటు చేస్తారు. షీటు చిరగడం కంటే అతుకు విడిపోవడమే తరచు జరిగేది. అందుకే అతుకును రెండు సమాంతర గీతలుగా కరిగించి అతికి, ఆ రెండు గీతల మధ్య మిగిలిన సన్నని గొట్టం వంటి ఖాళీలోకి సూదితో గాలి ఎక్కించి, పీడనమాపకం ముల్లు నిర్ణీత సమయం వరకు దిగకుండా నిలబడిందో లేదో చూస్తారు. ప్రతి అతుకుకూ ఒక సంఖ్య, ఒక తేదీ, ఒక రీడింగు, ఒక సంతకం ఉంటాయి. పాండ్ నిండిన తరువాత అడుగును ఎవరూ చూడలేరు కనుక ఆ రిజిస్టరే మిగిలే సాక్ష్యం. లైనింగ్ గురించి అడిగేవారు ఫొటోలు కాదు, ఆ రిజిస్టరు అడగాలి.

కట్ట విషయంలో అమెరికాలోని చర్చ్ రాక్ ప్రమాదం చదవదగినది. న్యూ మెక్సికో రాష్ట్రంలో 1979 జులై 16 తెల్లవారుజామున టెయిలింగ్ పాండ్ కట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్లద్రవం, 1,100 టన్నుల ఘన వ్యర్థం పుయెర్కో నదిలో కలిశాయి. నవాహో తెగవారు గొర్రెలకు నీళ్లు పట్టే నది అది. ఆ కట్టలో పగుళ్లు అంతకు ముందే, 1977లోనే కనిపించాయి. కట్టకు ద్రవం నేరుగా తగలకుండా ముందు భాగంలో ఇసుక మేట ఉండాలన్నది డిజైనులోనే ఉన్నా దాన్ని సరిగా నిలబెట్టలేదు. అంటే ప్రమాణం తెలియక జరిగిన ప్రమాదం కాదది.

ధూళి గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. క్షార పద్ధతి పాండ్‌లో ఎండాకాలం అంచులు ఆరితే తెల్లని ఉప్పు పొర తేరుతుంది, గాలికి అది పిండితో పాటు లేస్తుంది. అంచులను తడిగా ఉంచుతున్నారా, నిండిన భాగాన్ని మట్టితో కప్పుతున్నారా అన్నది ప్రహరీ బయటి నుంచి కూడా కంటికి కనబడుతుంది.

సమాధానం: సాస్కటూన్ తెలుగు

ఖనిజ రసాయనం గారు రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ లైనింగ్ మీద అంత భరోసా ఉంచడం నాకు సమ్మతం కాదు. ప్లాస్టిక్ షీటు ఎంత బాగా అతికినా దాని ఆయుష్షును ఆశావహంగా లెక్కగట్టేవారు సైతం వందల ఏళ్లలోనే చెబుతారు. ఆయనే చెప్పిన థోరియం అర్ధాయువుతో పోలిస్తే అది తాత్కాలిక ఏర్పాటు. గని నడిచే కాలానికి అది అవసరమే. మూసివేత తరువాతి కాలానికి వేరే ఉపాయం కావాలి.

నేను పనిచేసే కెనడాలోని సాస్కచెవాన్ ఉత్తర ప్రాంతంలో ఆ ఉపాయాన్ని 1980ల మధ్య కాలంలో రాబిట్ లేక్ గని దగ్గర మొదలుపెట్టారు. తవ్వకం పూర్తయిన ఓపెన్ పిట్‌లోనే, అంటే నేల పైనుంచి తవ్విన గోతిలోనే, టెయిలింగ్స్ (పిండిరాయి వ్యర్థం) నింపుతారు. నింపేటప్పుడు గోడల వెంట, అడుగున ముతక ఇసుక, రాళ్లతో నీరు సులభంగా పారే పొర కడతారు. లోపలి పిండి దానంతటది అణిగి బిగుసుకుంటుంది. గని నడిచినన్నాళ్లు ఆ పొరలోంచి నీటిని తోడి శుద్ధి చేస్తారు. చివరికి తోడడం ఆపేసినప్పుడు చుట్టుపక్కల భూగర్భ జలం తిరిగి పైకి వచ్చి, బిగుసుకున్న పిండిలోంచి దూరడం కష్టం కనుక చుట్టూ ఉన్న ముతక పొర గుండా పక్కకు తప్పుకొని పోతుంది. నీటిని అడ్డుకోవడం కాక నీటికి సులువైన దారి చూపడం ఇందులోని సూత్రం. నేల మట్టానికి దిగువన ఉంటుంది కనుక కట్ట తెగుతుందన్న భయమూ లేదు.

ఇది చదివి "మా దగ్గరా అలాగే చేయండి" అని అర్జీ పెట్టే ముందు తేడాలు గమనించాలి. ఇక్కడి ఖనిజంలో యురేనియం పది శాతం దాటిన చోట్లు ఉన్నాయి. సిగార్ లేక్‌లో అయితే రేడియోధార్మికత తీవ్రత వల్ల, నీటి ఒత్తిడి వల్ల మనిషి ఖనిజం దగ్గరికి పోడు. నేలను గడ్డకట్టించి, కింది సొరంగం నుంచి నీటి ధారతో ఖనిజాన్ని కోసి కిందికి రాలుస్తారు. ఆ లెక్కన వ్యర్థం పరిమాణం తక్కువ, గోతులు సరిపోతాయి. తుమ్మలపల్లెది భూగర్భ గని, ఓపెన్ పిట్ లేదు, వ్యర్థమేమో కొండంత. పిండిని చిక్కబరచి సిమెంటు కలిపి తవ్వేసిన గదుల్లోకే తిరిగి పంపే పద్ధతి ప్రపంచంలో చాలా గనుల్లో ఉంది, కానీ పిండి చేసిన రాయి మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మొత్తం లోపల పట్టదు. ఎంత భాగం పడుతుందో లెక్క వేసి చూపమని అడగడం మాత్రం న్యాయమైన కోరికే.

నా దృష్టిలో సాంకేతికత కంటే ముఖ్యమైనది డబ్బు. కెనడాలో గనికి లైసెన్సు ఇచ్చే ముందే మూసివేత ప్రణాళిక, దానికయ్యే ఖర్చుకు బ్యాంకు హామీ నియంత్రణ సంస్థకు సమర్పించాలి. కాలానుగుణంగా ఆ లెక్కను సవరించాలి. ఎందుకో తెలియాలంటే అమెరికాలోని మోఆబ్ కథ చూడండి. యూటా రాష్ట్రంలో కొలరాడో నది ఒడ్డునే 1.6 కోట్ల అమెరికన్ టన్నుల టెయిలింగ్స్ పోగుపడ్డాయి. 1998లో యజమాని కంపెనీ దివాలా తీసింది. కట్టిన హామీ సొమ్ము పనికి ఏ మూలకూ చాలలేదు. చివరికి ఆ దేశపు ఇంధన శాఖ 2009 నుంచి ఆ గుట్టను రైలు పెట్టెల్లో నింపి ముప్పయి మైళ్ల దూరంలోని క్రెసెంట్ జంక్షన్‌కు తరలిస్తూ వచ్చింది. ఖర్చు పన్ను కట్టేవారిది. మన దగ్గర గని ప్రభుత్వ రంగంలో ఉంది కనుక దివాలా ప్రశ్న రాదని కొందరు అంటారు. అయినా మూసివేత నిధి వేరే ఖాతాలో, వేరే పద్దు కింద ఉందా, ఏటా ఎంత జమవుతోంది అన్నది సమాచార హక్కు కింద అడగదగిన ప్రశ్న.

పాపాఘ్ని

ఇద్దరికీ కృతజ్ఞతలు. అతుకుల రిజిస్టరు, మూసివేత నిధి అనే రెండు విషయాలు నాకు పూర్తిగా కొత్త. నా మూడో ప్రశ్న మిగిలే ఉంది. మా వైపు రైతులు బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే ఒక కాగితం వస్తుంది, దాని మీద "పరిమితుల్లో ఉంది" అనో "మించింది" అనో రాసి ఉంటుంది. ఒకే బోరుకు రెండు చోట్ల రెండు రకాల ఫలితాలు వచ్చిన సందర్భాలున్నాయి. దేన్ని నమ్మాలి?

సమాధానం: భూజలం

భూగర్భ జలాల అధ్యయనం నా వృత్తి. రెండు రకాల ఫలితాలు రావడంలో ఆశ్చర్యం లేదు, కుట్ర కూడా ఉండనక్కరలేదు. నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి.

మోటారు వేయగానే వచ్చే నీరు కేసింగు గొట్టంలో నిలవ ఉన్నది. విద్యుత్ వాహకత మీటరు పెట్టి, అంకె నిలకడకు వచ్చేవరకు నీళ్లు పారనిచ్చి ఆ తరువాత పట్టాలి. అదీ ట్యాంకు నుంచి కాదు, బోరు మూతి దగ్గర. పట్టిన నీటిని అక్కడికక్కడే 0.45 మైక్రాన్ వడపోతతో వడకట్టి, తరువాత స్వచ్ఛమైన నత్రికామ్లం చుక్కలు వేసి పీహెచ్ రెండు కంటే తగ్గించాలి. ఈ వరుస తారుమారైతే నీటిలోని మట్టి రేణువుల్లో ఉన్న యురేనియం ఆమ్లానికి కరిగి అంకె పెరుగుతుంది. ఆమ్లమే వేయకపోతే యురేనియం కొంత సీసా గోడకు అంటుకొని అంకె తగ్గుతుంది. మీరు చెప్పిన రెండు కాగితాల మధ్య తేడా ఇక్కడే పుట్టి ఉండవచ్చు. బైకార్బొనేటు, సల్ఫేటు పరీక్షలకు ఆమ్లం వేయని రెండో సీసా, గాలి మిగలకుండా అంచు దాకా నింపినది, విడిగా పంపాలి. పీహెచ్ అక్కడే కొలవాలి. సీసా మీద తేదీ, వేళ, బోరు లోతు, మోటారు దించిన లోతు రాయాలి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి తీస్తే పోల్చడానికి వీలుంటుంది.

"పరిమితుల్లో ఉంది" అన్న మాటకు ఏ పరిమితి అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి తాగునీటిలో యురేనియానికి సూచించే విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి లెక్క చాలాకాలం 60 మైక్రోగ్రాములుగా ఉంది. 45 వచ్చిన నీరు ఒక కాగితంలో నెగ్గి, మరో కాగితంలో తప్పుతుంది. కాబట్టి కాగితంలో మాట కాదు, అంకె ఉండాలి. అంకె పక్కన పరీక్షా పద్ధతి పేరు ఉండాలి.

ఇంతకంటే క్లిష్టమైనది మరొకటి ఉంది. మీ ప్రాంతపు వేంపల్లె శిలల్లో యురేనియం సహజంగానే ఉంది. అందుకేగదా అక్కడ గని పెట్టారు. అందువల్ల ఒక బోరులో యురేనియం ఎక్కువగా కనబడినంత మాత్రాన అది పాండ్ నుంచే వచ్చిందని చెప్పలేం. సహజంగా ఉన్నదేనని కొట్టిపారేయడానికీ వీల్లేదు. తేల్చడానికి మొదటి ఆధారం గని రాకముందు అదే బోర్లలో కొలిచిన విలువలు. తవ్వకానికి ముందు కనీసం అన్ని రుతువుల్లో చుట్టుపక్కల బోర్లు, బావులు, వాగులు, నేల, గాలి కొలిచి బహిరంగపరచడమే మంచి నిర్వహణలో మొట్టమొదటి పని అని నేను అనడానికి కారణం ఇదే. తరువాత ఎంత ఖర్చు పెట్టినా గడిచిపోయిన ఆ కాలాన్ని మళ్లీ కొలవలేరు.

రెండో ఆధారం, యురేనియంతో పాటు ప్రయాణించేవాటి జాడ. క్షార ద్రావణం కలిసిన నీటిలో సోడియం, బైకార్బొనేటు, సల్ఫేటు కలిసికట్టుగా పెరుగుతాయి, కాల్షియం దామాషా తగ్గుతుంది. యురేనియం ఒక్కటే పెరిగి ఇవేవీ కదలకపోతే శిల మీద అనుమానం, అన్నీ కలిసి ఏటికేడు పెరుగుతూ, అదీ పాండ్ నుంచి నీరు పారే దిశలో ఉన్న బోర్లలోనే ముందు పెరిగితే పాండ్ మీద అనుమానం. మూడోది కొంచెం ఖరీదైన పరీక్ష. సహజ భూగర్భ జలంలో యురేనియం-234 చురుకుదనం (రేడియోధార్మికత) యురేనియం-238 కంటే సాధారణంగా ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే శిల నుంచి అది తేలికగా ఊడివస్తుంది. మిల్లులో రాయిని పిండి చేసి బలవంతంగా కరిగించిన ద్రావణంలో ఆ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. ఆ నిష్పత్తి ఒకటికి దగ్గరగా జరుగుతూ ఉంటే అది మాట్లాడే సాక్ష్యం.

సమాధానం: దేవరకొండ

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు. నేను నల్గొండ జిల్లావాణ్ని. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గని ప్రతిపాదన నాటి ప్రజాభిప్రాయ సేకరణల కాలం నుంచి ఈ వ్యవహారాన్ని గమనిస్తున్నాను. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే కావడంతో మాకు నీటి ప్రశ్న అన్నిటికంటే ముందు వచ్చింది. నేను చెప్పదలచినది ఒక్కటే: కొలిచేవాడు ఎవరు?

ఆస్ట్రేలియాలో కకడు జాతీయ ఉద్యానం మధ్యలో రేంజర్ గని ఉంది. మన మాదిరిగానే కుంభవృష్టి కురిసే రుతుపవన ప్రాంతం కనుక కెనడా కంటే అది మనకు దగ్గరి పోలిక. అక్కడ గని తెరవకముందే, 1978లో, పార్లమెంటు చట్టం చేసి సూపర్‌వైజింగ్ సైంటిస్ట్ అనే స్వతంత్ర పదవిని సృష్టించింది. ఆ కార్యాలయం గనికి లైసెన్సు ఇవ్వదు, యురేనియం అమ్మదు. గమనించి, పరిశోధించి, ప్రచురిస్తుంది. గని పక్కన పారే మగేలా వాగులో ఎగువన ఒకచోట, దిగువన ఒకచోట నిరంతరం నీటిని కొలుస్తారు. యంత్రాలతో సరిపెట్టకుండా ఆ వాగు నీటిలోనే మంచినీటి నత్తలను ఉంచి అవి ఎన్ని గుడ్లు పెడుతున్నాయో ఎగువ, దిగువ లెక్కలు పోలుస్తూ వచ్చారు. ఆదివాసీలు తినే ఆల్చిప్పల్లో రేడియం ఎంత చేరుతోందో చూస్తారు. వాగులోని జీవజాలం కోసం యురేనియం హద్దును మొదట లీటరుకు 6 మైక్రోగ్రాములుగా పెట్టి, స్థానిక జాతుల మీద మరిన్ని పరీక్షలు చేశాక 2.8కి దించారు. తాగునీటి హద్దులో అది పదో వంతు కూడా కాదు. మనిషికి చెల్లిన నీరు నత్తకు చెల్లుతుందని ఊహించకపోవడం నాకు నచ్చింది.

అంత నిఘా ఉన్నా 2013 డిసెంబరులో అదే గనిలో ఒక ద్రావణపు ట్యాంకు కూలి ఆమ్ల బురద ఆవరణలో పొంగింది. 2021 జనవరిలో ఉత్పత్తి ఆగింది. టెయిలింగ్స్ పదివేల సంవత్సరాల పాటు పరిసరాలకు దూరంగా ఉండాలన్నది అక్కడి షరతు. అందుకోసం డ్యాంలోని వ్యర్థాన్ని తోడి పాత గోతిలోకి దించవలసి వచ్చింది. 2022 నాటికి పునరుద్ధరణ ఖర్చు అంచనా పెరిగి 160-220 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల మధ్యకు చేరింది. సాస్కటూన్ మిత్రుడు చెప్పిన హామీ సొమ్ము మొదటి అంచనా మీద ఆగిపోతే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరొక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. నిర్వహణ గనితో కాదు, అన్వేషణ బోర్లతోనే మొదలవుతుంది. నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు "ఇది తవ్వకం కాదు, సర్వే మాత్రమే" అన్న వాదన వినిపించింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. పులుల అడవి, చెంచుల ఊళ్లు అనే కారణాలు అందరికీ తెలిసినవే. వాటికి అదనంగా, లోతైన బోరు వేసి వదిలేస్తే పై పొరల నీరూ యురేనియం ఉన్న పొర నీరూ కలవడానికి అది ఒక గొట్టంలా పనిచేస్తుంది. అడుగు నుంచి పైదాకా సిమెంటుతో పూడ్చి, ఎక్కడెక్కడ పూడ్చారో పటం ఇవ్వడం సర్వే చేసినవారి బాధ్యత.

పాపాఘ్ని

దేవరకొండ గారు అడిగిన "కొలిచేవాడు ఎవరు" అన్న ప్రశ్నకు మా స్థాయిలో చేయగలిగింది ఏమైనా ఉందా? భూజలం గారు చెప్పిన పద్ధతిలో మేమే నమూనాలు తీస్తే వాటికి విలువ ఉంటుందా, లేక "అనధికారికం" అని పక్కన పడేస్తారా?

సమాధానం: భూజలం

ఒంటరిగా తీస్తే పక్కన పడేసే అవకాశం ఎక్కువ. అందుకని జంట నమూనా పద్ధతి పాటించండి. అధికారులు నమూనాకు వచ్చే రోజున, అదే బోరు దగ్గర, అదే నిమిషంలో, అదే వడపోత గుండా మీరూ ఒక సీసా నింపుకోండి. రెండింటికీ సీలు వేసి ఇరువైపులా సంతకాలు చేయించండి. మీ సీసాను గుర్తింపు పొందిన వేరే ప్రయోగశాలకు పంపండి. వీలైతే అయాన్లు తొలగించిన శుద్ధజలం నింపిన ఒక సీసాను కూడా సాధారణ నమూనాలాగే పేరు పెట్టి కలిపి పంపండి. ప్రయోగశాల అందులో కూడా యురేనియం చూపిస్తే ఆ విడత ఫలితాలన్నీ అనుమానించవలసిందే.

బోర్ల ఎంపికలో ఒక జాగ్రత్త. పాండ్‌కు దిగువన ఉన్నవాటినే కాక, ఎగువన అదే శిలలో, అదే లోతులో ఉన్న రెండు మూడు బోర్లను కూడా తప్పక చేర్చండి. గనికి ముందు కొలతలు దొరకని పరిస్థితిలో పోల్చుకోవడానికి మీకు మిగిలేవి అవే. లోతులు తెలియకపోతే బోరు వేసిన రిగ్గువాళ్ల దగ్గర కేసింగు ఎన్ని అడుగులు దించారో, నీరు ఏ అడుగున తగిలిందో లెక్క సాధారణంగా ఉంటుంది. ముందు అది సేకరించి ఇక్కడ పెట్టండి, ఏ బోరును దేనితో పోల్చాలో చూద్దాం.